ఊహ ఎక్కడ నిలబడి ఉందో అడగండి

ముందుగా

నాకింకా నలభై నిండలేదు. రిటైరయ్యానంటే మదనపల్లెలో నన్నెరిగినవాళ్లు నవ్వుతారు. వయసు అయిపోతేనే రిటైరవ్వాలన్న రూలేమీ లేదు, ఓపిక అయిపోయినా అవ్వొచ్చు. మొదట ఇంజనీరింగ్ చదివాను. తర్వాత మనసు మార్చుకుని క్లినికల్ సైకాలజీ చదివాను. మదనపల్లెలో ఒక ట్రస్టు నడిపే మానసిక వైద్య కేంద్రంలో చేరి, వారంలో ఒకరోజు పుంగనూరు క్యాంపు, ఇంకోరోజు కుప్పం క్యాంపు చూస్తూ పనిచేశాను. ఇప్పుడు సోలార్ పంపుసెట్లు బిగిస్తున్నాను. ఇక్కడ పంపు నీళ్లు తోడకపోతే ఎందుకు తోడలేదో వెతుకుతారు. 'మీ పంపు మాటతీరు బాగానే ఉంది, ఇంటికి తీసుకెళ్లండి' అని ఎవరూ పంపేయరు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మందుల గురించి రాయను, అది డాక్టర్ల పని. పదోన్నతులు ఎలా వస్తాయో రాయను, నాకు తెలియదు. ఒక్క విషయమే రాస్తాను. స్కిజోఫ్రీనియా, దాని దగ్గరి జబ్బులు ఉన్నవాళ్లలో ఊహించుకునే శక్తి ఎలా చెడుతుంది, దాన్ని ఎలా కనిపెట్టాలి అన్నది. గొంతులు వినబడటం, ఎవరో వెంటాడుతున్నారని అనుమానపడటం గురించి మీకు అందరూ చెబుతారు. ఊహ గురించి అడగాలని మాత్రం నాకు ఏ పెద్దమనిషీ చెప్పలేదు. వాళ్లకే తెలిస్తే కదా.

నాలుగు ప్రశ్నల వైద్యం

మా కేంద్రానికి ఒక పెద్ద డాక్టరు గారుండేవారు. పేరు అనవసరం, ప్రతి ఊళ్లోనూ ఇలాంటివారు ఒకరుంటారు. ఆయన దగ్గర నాలుగు ప్రశ్నలుండేవి. గొంతులు వినబడతాయా? ఎవరైనా నిన్ను చంపాలని చూస్తున్నారా? లేనివి కనబడతాయా? నిద్ర పడుతుందా? రోగి పక్కనున్న అన్న వైపు చూసేవాడు, అన్న తల అడ్డంగా ఊపేవాడు. 'లేదు, లేదు, లేదు, పడుతుంది.' టీ చల్లారేలోపు కేసు ముగిసేది.

"నాకు మనిషి గడప దాటుతుంటేనే తెలిసిపోతుందయ్యా" అనేవారు ఆయన.

గడప దాటుతున్న మనిషిని చూస్తే కాలు నొప్పి ఉందో లేదో తెలుస్తుంది. ఆ పైన తెలిసేదంతా చూసేవాడి పొగరు.

రెండో రకం వాళ్లు బెంగళూరు నుంచి ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చేవారు. ఒకసారి ఊహాశక్తి మీదే వర్క్‌షాప్ పెట్టారు. నాకు సంతోషం వేసింది, అది ఉదయం టిఫిన్ దాకా నిలిచింది. సదుం నుంచి వచ్చిన ఒక రైతును మా ముందు కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని సముద్రపు ఒడ్డును ఊహించుకోమన్నారు. ఆయన పుట్టి సముద్రం చూడలేదు. వచ్చినవాళ్లు చదువుకున్నవాళ్లు కాబట్టి మర్యాదకు కళ్లు మూసుకుని తలూపాడు. 'అలలు కనిపిస్తున్నాయా?' అంటే మళ్లీ ఊపాడు. ఊహ బాగుందని మార్కులు వేశారు. ఆయన మర్యాదకు వేశారనుకుంటే సరిపోతుంది.

మూడో రకం అందరికంటే చెడ్డది. 'ఊహ ఎక్కువైతే కళాకారుడవుతాడు, దాన్ని జబ్బంటే ఎలా' అని కళ్లు అరమోడ్చేవాళ్లు. వీళ్లెవరూ తమ ఊహను తాము ఆపలేని మనిషి పక్కన ఒక పూట కూర్చున్నవాళ్లు కారు.

పుంగనూరు గాజులంగడి

చెడిన ఊహను తెలుసుకోవాలంటే ముందు బాగున్న ఊహ తెలియాలి. అది నాకు పుంగనూరులో గాజులంగడి నడిపే మాబున్నీ దగ్గర తెలిసింది. ఆమె రోజూ పొద్దున అంగడి తెరుస్తూ చనిపోయిన భర్తతో మాట్లాడుతుందని కొడుకు క్యాంపుకు తీసుకొచ్చాడు. మా కేంద్రంలో కొత్తగా చేరిన లేడీ డాక్టరు 'లేని మనిషితో సంభాషణ' అని రాసి మందు మొదలుపెట్టింది. రెండో వారానికి మాబున్నీ అంగట్లో కూర్చుని జొల్లు కారుస్తూ నిద్రపోతోంది. అప్పుడు నన్ను చూడమన్నారు.

"పొద్దున్నే ఆయప్పతో మాట్లాడతావంట గదమ్మా?" అని అడిగాను.

"మాట్లాడతా. షట్టర్ ఎత్తేటప్పుడు. పెండ్లయినప్పట్నుంచి తిడతానే ఉండా. ఇప్పుడు ఒగేసారి ఆపేయమంటే నోరు ఊరుకుంటాదా?"

"అప్పుడు ఆయప్ప యాడ ఉంటాడు?"

"యాడ ఉంటాడు, ఖబ్రస్తాన్‌లో."

"కాదమ్మా, నువ్వు మాట్లాడేటప్పుడు."

"నేను మాట్లాడితే మాత్రం లేసొస్తాడా? బతికున్నప్పుడే పిలిస్తే లేసేవాడు కాదు."

"ఎదురుగా లేడని నీకెట్ల తెలుసు?"

ఆమె నన్ను కాసేపు చూసి కొడుకు వైపు తిరిగింది. "ఈ అబ్బయ్యకు ఒళ్లు బాగలేనట్లుండాది. టీ తెచ్చియ్యి."

మందు ఆపించాము. ఆ లేడీ డాక్టరు, ఆమె గొప్పతనం ఇది, ముఖం మాడ్చుకోకుండా పక్కన కుర్చీ వేసుకుని ఈ ప్రశ్నలు ఎలా అడగాలో విన్నది.

మాబున్నీ చెప్పింది ఇది: ఆరోగ్యంగా ఉన్న మనిషికి తన ఊహ ఊహేనని రుజువు అక్కర్లేదు. నీళ్లకు తడిలాగా అది ఊహతోపాటే వస్తుంది. 'ఎట్ల తెలుసు' అని అడిగితే అడిగినవాడికే పిచ్చి అనుకుంటుంది. అనుకోవాలి కూడా. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరైనా తడుముకోకుండా జవాబు ఉందంటే, వాళ్లు అప్పటికే చాలా రోజులుగా రుజువులు వెతుక్కుంటున్నారని అర్థం.

అడిగే పద్ధతి

బంధువులను బయటికి పంపండి. అవును, లేదు అని జవాబొచ్చే ప్రశ్నలు అడగొద్దు. సముద్రాలు, పూలతోటలు వద్దు. ఆ మనిషి ఇంట్లో రోజూ ముట్టుకునే వస్తువునొకదాన్ని ఊహించుకోమనండి. తర్వాత ఒక్కొక్కటే అడగండి.

అది ఎక్కడుంది? మనలో చాలామంది తడబడతారు, 'ఏమో, తలలో' అంటారు. ఊహకు చోటుండదు. చోటు వేలితో చూపిస్తే రాసుకోండి. చుట్టూ తిరిగి అటుపక్క చూడగలడా? దాన్ని కదిలిస్తున్నది ఎవరు, తనా లేక అదే కదులుతోందా? తీసేయమంటే పోతుందా? చివరగా, అది ఊహేనని ఎలా తెలుసు?

ఇంతే. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, అందుకే దీనికి గౌరవమూ లేదు.

భయం తెలియని మునెప్ప

కుప్పం క్యాంపుకు రామకుప్పం వైపు పల్లెల నుంచి కూడా వస్తారు. అడవి దగ్గర కావడంతో అక్కడ రాగి చేను పాలకొచ్చిన దగ్గర్నుంచి కోత దాకా ఏనుగుల కోసం కావలి కాయాలి. ఇంటికొకరు వంతు ప్రకారం మంచెల మీద ఉండి, ఏనుగులొస్తే డబ్బాలు కొట్టి, టపాకాయలు కాల్చి, ఊళ్లోవాళ్లను లేపుతారు. అడవి అంచున ఉండే మంచె ఎవరికీ ఇష్టం ఉండదు. వంతు ఎగ్గొట్టిన ఇంటికి మాత్రం ఆ ఏడు ఎవరూ సాయం రారు.

అలాంటి ఒక పల్లె నుంచి మునెప్ప అనే యువకుణ్ని అతని భార్య రాధమ్మ తీసుకొచ్చింది. వెంట చంగప్ప అనే పెద్దాయన వచ్చాడు. ఊళ్లో కావలి వంతులు వేసేది ఆయనే. నేను పెద్ద డాక్టరు గారి పక్కన కూర్చుని ఉన్నాను.

"ఈయప్ప ఇంట్లో ఉండీ ఉండడు సార్" అంది రాధమ్మ. "కూడు పెట్టి పిలిస్తే పలకడు. ఎదురుగా నిలబడితే నన్ను దాటి యాడో సూస్తాడు. ఒగోసారి నా చెయ్యి పట్టుకుని తట్టి సూస్తాడు, నేనేనా కాదా అన్నట్లు."

"ఆ పాప మాటలు పట్టించుకోవద్దు సార్" అన్నాడు చంగప్ప. "కొత్త సంసారం, మొగుడు పొద్దస్తమానం తనతోనే మాట్లాడల్ల అంటాది. మునెప్ప బంగారు. అంచు మంచె మాకెవరికీ చేతకాదు, వాడు ఊరికే ఎక్కి కూర్చుంటాడు. అందరం మా వంతు వాడికే ఇస్తాండాము, వాడి వంతు మేము లోపల కాస్తాండాము. మొన్న ఏనుగు కళ్ల ముందరికొచ్చి నిలబడితే చేతిలో బీడీ గూడా పారేయలా."

డాక్టరు గారు నాలుగు ప్రశ్నలు వేశారు. మునెప్ప వినయంగా అన్నిటికీ లేదన్నాడు. లేనివి కనబడతాయా అన్నప్పుడు మాత్రం కొంచెం ఆలోచించి, "లేనివి లేవనే తెలుస్తాది సార్" అన్నాడు.

డాక్టరు గారికి ఆ జవాబు ఎంతో నచ్చింది. "చూశావా, నాకంటే తెలివిగా ఉన్నాడు" అని నవ్వి, ఆలుమగలకు కౌన్సెలింగ్ చేయమని నాకు అప్పగించారు. కౌన్సెలింగ్ అంటే మా దగ్గర ఇష్టంలేని కేసును పక్కగదికి తోయడం.

చంగప్పను టీకి పంపి, మునెప్పను సామాన్ల గదిలో కూర్చోబెట్టాను. రాధమ్మ వాకిట్లో నిలబడతానంది, ఉండమన్నాను. బంధువులను పంపాలని పైన నేనే రాశాను. ఆమెను చూసి అతను జవాబులు మార్చుకోడని అప్పటికే తెలిసిపోయింది, అసలు ఆమె వైపు చూడటమే లేదు.

"మీ ఇంట్లో నీళ్లు తాగే చెంబు ఉండాది గదా. దాన్నొగసారి మనసులో అనుకో."

"అనుకున్నా సార్."

"యాడ ఉండాది?"

మా ఇద్దరి మధ్య ఉన్న బల్ల అంచును వేలితో చూపించాడు. "ఈడ."

"నాకు కనబడలేదే."

"మీకెట్ల కనబడతాది సార్, అనుకునింది నేను గదా" అని మర్యాదగా నవ్వాడు. తల కొంచెం పక్కకు వంచి, బల్లకు అవతలి వైపు చూశాడు. "అంచుకు సొట్ట ఉండాది. ఆ పక్క ఇంగో సొట్ట."

"ఇప్పుడు దాన్ని తీసేయి."

కళ్లు గట్టిగా మూసి తెరిచాడు. "పోదు సార్. దానికి పోవాలనిపిస్తే పోతాది. ఇప్పుడు నీళ్లు కారతాండాయి. నేను కారమనలా."

"అది నిజం చెంబు కాదని నీకెట్ల తెలుసు?"

తడుముకోకుండా చెప్పాడు. "నిజందైతే చేతికి తగులుతాది. దగ్గరుండేదాన్ని ముట్టుకుని సూస్తా."

"ముట్టుకోలేనిదైతే? ఏనుగయితే?"

"అది మా కుక్క చెప్పేది సార్. కుక్క అరిస్తే ఏనుగు. అరవకపోతే నాదే."

"కుక్క ఇప్పుడు నీతో మంచె దగ్గరికి వస్తాదా?"

"లేదు సార్, చిరుత ఎత్తకపోయింది. రాగులు పాలకొచ్చినప్పుడు."

"అప్పట్నుంచి ఎట్ల కనుక్కుంటావు?"

"అప్పట్నుంచి అన్నీ నావే అనుకుంటాండా. ఊరికే కూర్చుని బీడీ తాగితే సరి, కాసేపటికి పోతాయి."

వాకిట్లోంచి రాధమ్మ అడిగింది. "మొన్నొచ్చిండేది?"

"అది గూడా నాదే గదా."

"అది మన గడ్డివామి తొక్కిపోయింది."

మునెప్ప మొదటిసారి ఆమె వైపు చూశాడు. "అట్లనా" అన్నాడు.

తప్పు వాకిలి దగ్గర కాపలా

మన చదువంతా ఒక వాకిలి దగ్గరే కాపలా కూర్చుంది. లేనిదాన్ని ఉందని నమ్ముతున్నాడా? నమ్మితే జబ్బు, నమ్మకపోతే ఇంటికి పో. మునెప్ప లేనిదేదీ నమ్మలేదు. అతని ఊహలు బయటికొచ్చి, చోటు సంపాదించుకుని, సొంతంగా తిరగడం మొదలుపెట్టాయి. అవి ఊహలేనని అతనికి తెలుసు. తెలుసు కాబట్టే వాటిని పట్టించుకోకుండా ఉండటం నేర్చుకున్నాడు. ఇప్పుడు అదే అలవాటుతో, ఉన్నదాన్ని కూడా లేదనుకుంటున్నాడు. చంగప్ప ధైర్యం అన్నది ఇదే. ఊరంతా కలిసి, ఏనుగును గుర్తుపట్టలేని ఒక్క మనిషిని ఎంచి ఏనుగుల దారిలో కూర్చోబెట్టింది.

డాక్టరు గారికి చెప్పాను. చెంబు, కుక్క, గడ్డివామి, అన్నీ వరుసగా.

"ఊహ అని వాడికే తెలుసు. తెలిసినవాడికి మందు రాస్తే నన్ను చూసి నవ్వుతారు" అన్నారు.

"రెండో ఏనుగు వచ్చినప్పుడు నవ్వడానికి వాడుండడు సార్."

"ఆ పక్క పల్లెల్లో ఎవర్ని కదిపినా ఏనుగులే కనబడతాయి. అందరికీ రాయమంటావా?"

"మిగతావాళ్లకు ఏనుగులు కనబడితే పరిగెత్తుతారు. వీడు బీడీ తాగుతాడు."

ఆయన ఫోన్ తీసుకున్నారు. "నీ ఇంజనీరింగ్ బుద్ధి పోలేదయ్యా. మనిషి మిషను కాదు."

మనిషి మిషను కాదన్న మాటను నేను చాలాసార్లు విన్నాను. మనిషిని సరిగ్గా చూడటానికి బద్ధకించినవాళ్లే అది ఎక్కువగా అంటారు.

లేడీ డాక్టరును పిలిచాను. ఆమె చెంబుతో మొదలుపెట్టి తన పద్ధతిలో మళ్లీ మొత్తం అడిగింది, ఇంట్లో ఎప్పట్నుంచి ఇలా ఉందో రాధమ్మను విడిగా అడిగింది, తన పేరు మీదే మందు మొదలుపెట్టింది. మంచె ఎక్కకూడదని గట్టిగా చెప్పింది.

చంగప్పకు నేను చెప్పాను. ఆయన నవ్వాడు. "ఏనుగును ఏనుగనుకోకపోతే ఇంగా మేలే గదా సార్, భయముండదు."

"భయం లేకపోతే వాడు తప్పుకోడప్పా."

"ఇన్నాళ్లూ ఏమీ కాలేదు గదా."

ఈ 'ఇన్నాళ్లూ ఏమీ కాలేదు'కు నా దగ్గర మందు లేదు, ఎవరి దగ్గరా లేదు. పెద్ద డాక్టరు గారి మాటా, చంగప్ప మాటా ఒకటే. ఒకరు ఇంగ్లీషులో అంటారు, ఇంకొకరు బీడీ కాలుస్తూ అంటారు. ఇంటికొకరు వంతు రావాల్సిందేనని చంగప్ప పట్టుబడితే, అంచు మంచె తప్ప ఏదైనా ఇవ్వండి, నేను కాస్తానని రాధమ్మ డబ్బా తీసుకుంది. ఆడమనిషి కావలేందని ఊళ్లో నవ్వారట. కోత దాకా ఒక్క వంతు కూడా ఆమె వదల్లేదు.

ఫిర్యాదు

కోతలు కాకముందే చంగప్ప మళ్లీ కుప్పం క్యాంపుకొచ్చాడు, ఈసారి కోపంగా. వెంట మునెప్ప, రాధమ్మ ఉన్నారు.

"మీ మందు మా వాడిని చెరిపేసింది సార్" అని నేరుగా పెద్ద డాక్టరు గారికే చెప్పాడు. "బంగారట్లాంటోడు పిరికోడైపోయినాడు. మొన్న సాయంత్రం ఊరి బయట గుంపు దిగితే, అందరికంటే ముందు పరిగెత్తినాడు. చెప్పులు ఆడనే వదిలేసి. ఇంట్లోకి పోయి గడియ పెట్టుకుని, ఎంత పిలిసినా బయటికి రాడు. ఈ మందు ఆపండి. మా మనిషిని మాకు ఎట్లుండేవాడో అట్ల ఇచ్చేయండి."

డాక్టరు గారు నా వైపు ఓరగా చూశారు. "కొత్తగా భయాలు మొదలయ్యాయి. ఆపేద్దాం. మొదటే చెప్పాను."

ఆరోగ్యం తిరిగొచ్చిన మొదటి గుర్తును రోగమని పట్టుకున్నాడు చదువుకున్నవాడు, నష్టమని పట్టుకున్నాడు ఊరి పెద్ద. ఇద్దరిదీ మళ్లీ ఒక్కటే మాట. మీరు ఈ ఉద్యోగంలో చూడబోయేది ఇదే. రోగం ఎవరికైనా ఉపయోగపడుతున్నంత కాలం దాన్ని రోగమనరు.

నేను మునెప్పనే అడిగాను. "యాల పరిగెత్తినావు?"

"ఏనుగు గదా సార్."

"ఏనుగని ఎట్ల తెలిసింది?"

అతను నా ముఖంలోకి చూశాడు. తర్వాత రాధమ్మ వైపు చూశాడు, ఈ సార్‌కు ఏమైంది అన్నట్లు. "ఎట్ల తెలిసేదేంది సార్" అన్నాడు. "ఏనుగు అది."

పక్క కుర్చీలో ఉన్న లేడీ డాక్టరు మందు చీటీ తన వైపు లాక్కుని, అదే మందు మళ్లీ రాసి రాధమ్మ చేతికిచ్చింది. పెద్ద డాక్టరు గారు తర్వాతి పేరు పిలవమన్నారు.

"మరి అంచు మంచె ఎవరు ఎక్కేది?" అన్నాడు చంగప్ప, ఎవరినని కాకుండా.

రాధమ్మ చీటీ మడిచి కొంగున కట్టుకుంది. "నువ్వే ఎక్కు మామా" అంది. "నీకు మొదట్నుంచీ భయముండాది గదా. నీకేమీ కాదు."